కార్తీక సోమవారం నాడు గీకిన కార్డు

మా అత్తగారు నన్ను మెచ్చుకున్న మాట ముప్పై ఏళ్లలో నేను ఒక్కసారే విన్నాను. అదీ ఆవిడ నోటి నుంచి కాదు. బాపట్లలో ఒక లాడ్జి మెట్ల మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుని ఉంటే, బ్యాంకులో పనిచేసే అమ్మాయి చదివి వినిపించింది. అప్పటికి నా కడుపులో రేపల్లెలో తిన్న పండుగప్ప చేప పులుసు ఇంకా అరగలేదు.

మాది తెనాలి. ఇంట్లో ఇద్దరమే ఉంటాం, మా అత్తగారూ నేనూ. మా ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అత్తగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. గట్టి మనిషి. నోరు ఇంకా గట్టిది. నేను కూర వండి పెడితే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఊఁ" అంటారు. బాగుందనో, ఇంతకంటే నీ వల్ల ఏమవుతుందిలే అనో, నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇద్దరికీ పడదని కాదు. పడకపోతే ఆయన పోయాక నేను మా పుట్టింటికో, ఆవిడ దుగ్గిరాలలో ఉన్న వాళ్ల అమ్మాయి దగ్గరికో వెళ్లిపోయేవాళ్లం. ఎవరమూ వెళ్లలేదు. కాకపోతే మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తీర్మానించుకుని, ఆ ఆశ వదిలేశాను.

నా క్రెడిట్ కార్డు సంగతి ఇక్కడే చెప్పాలి. కార్డు నా పేరు మీదే ఉంది. బ్యాంకులో ఇచ్చిన ఫోను నంబరు మాత్రం మా ఆయనది. కార్డు తీసుకున్నప్పుడు "మెసేజీలు నాకే రానీ, నువ్వు ఎలాగూ చూడవు" అన్నారాయన. ఆ మాటా నిజమే. ఆయన పోయాక ఆ సిమ్ తీసి ఒక బటన్ల ఫోనులో వేసి అత్తగారికి ఇచ్చాను. నంబరు మార్చుకోమని స్కూల్లో అందరూ చెప్పారు. బ్యాంకుకు వెళ్లి ఒక కాగితం నింపితే చాలట. నేను వెళ్లలేదు. సగం బద్ధకం. ఆయన నంబరు నొక్కితే ఇంకా మా ఇంట్లోనే మోగుతుందన్నది మిగతా సగం. అందుకని ఓటీపీ వచ్చినప్పుడల్లా అత్తగారే నాకు ఫోన్ చేసి, ఒక్కో అంకెకూ ఊపిరి తీసుకుంటూ చదువుతారు. స్కానర్లకు డబ్బు పంపాలన్నా ఆ సిమ్మే ఉండాలి కాబట్టి ఆ సౌకర్యమూ నాకు లేదు. ఊరికి వెళితే పర్సులో నాలుగు నోట్లు, ఈ కార్డు, అంతే.

ఇక కార్తీకమాసం. ఏడాదంతా చేపలకు లోటు లేని ఇల్లు మాది. కార్తీకం నెల్లాళ్లూ మాత్రం నీచు గడప తొక్కదు. ఇంట్లో మగవాళ్లు ఉన్న రోజుల్లో ఈ నియమానికి కొంచెం అటూ ఇటూ ఉండేది. ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి కార్తీకంలో అత్తగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, వాడి పేరు చెప్పి ఈ నెల నువ్వూ ముట్టకు. ఏటేటా" అన్నారు. సరేనన్నాను. మూడు కార్తీకాలు ఆ మాట మీద నిలబడ్డాను కూడా. నాలుగోది ఇది.

ఆ సోమవారం నాకు రేపల్లెలో పొద్దున, బాపట్లలో మర్నాడు పొద్దున, లెక్కల టీచర్లకు ట్రైనింగ్ క్లాసులు చెప్పే పని పడింది. నేను రైలుకు బయల్దేరేసరికి అత్తగారు తలస్నానం చేసి దీపం పెట్టుకుని ఉన్నారు. కార్తీక సోమవారం ఆవిడకు ఉపవాసం. సాయంత్రం నక్షత్రాలు చూశాకే భోజనం. నేను చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి "బయట ఏది పడితే అది తినకు" అన్నారు. ఆవిడ ఉద్దేశం కలుషితమైన నీళ్లూ, మాడిన నూనే. నేనూ అలాగే అర్థం చేసుకుని తలూపాను.

రేపల్లెలో ఒంటిగంటకల్లా క్లాసు అయిపోయింది. బాపట్ల బస్సు అందుకోవాలని వాళ్లిచ్చిన సాంబారన్నం పొట్లం కూడా తీసుకోకుండా బస్టాండు వైపు నడిచాను. దారిలో ఒక రేకుల షెడ్డు కింద చిన్న మెస్. దాని ముందుకు రాగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఆకలేసి ఆగానని అబద్ధం చెప్పను. వాసనకు ఆగాను. చింతపండు పులుసులో పచ్చిమిరపకాయలు ఉడికి, మెంతులు తగిలి, చేప దిగే ముందు వచ్చే ఆ వాసన తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మెస్ నడిపే ఆమె గరిటె పట్టుకునే బయటికొచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. నా చీర మీద సుద్ద మరకలు చూసి, "రండి టీచరమ్మగారూ. పండుగప్పండి. ఇప్పుడే దించాను" అంది.

అటూ ఇటూ చూశాను. తెనాలి వాళ్లెవరూ కనపడలేదు. లోపలికి వెళ్లి రోడ్డుకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. దొంగతనాలన్నీ ఇలాగే మొదలవుతాయి కాబోలు.

ఆమె అన్నం పెట్టి, రెండు ముక్కలేసి, పైన పులుసు పోసింది. "మా ఆయన బోటు మీద వెళతాడండి. ఆయన తెచ్చిందే వండుతాను. ఈ నెల మాత్రం అన్నీ ఇంటికే మిగులుతున్నాయండి. కార్తీకం కదా, ఎవరూ రారు. ఇవాళ మీరే బోణీ" అంది. కార్తీకం అన్న మాటకు నాకు పొలమారింది. ఆమె గ్లాసుతో నీళ్లిచ్చి, నేను అడక్కుండానే ఇంకో ముక్క వేసింది. తిన్నాను. మూడు ముక్కలూ తిన్నాను. చాలా బాగుంది. ఆ పూట తప్పు చేస్తున్నానన్న బాధ నాకు ముద్ద ముద్దకూ కలిగిందని రాస్తే బాగుండును గానీ, చెయ్యి కడుక్కునేదాకా నాకు ఆ బాధే తెలియలేదు.

డబ్బులిచ్చేటప్పుడు చూస్తే పర్సులో బస్సుకూ ఆటోకూ చాలినంతే ఉంది. కార్డు ఉందన్నాను, మొహమాటంగా. ఆమె మొహం విప్పారింది. "ఉందండి మెషీను! మూణ్ణెల్లయింది తెచ్చి. గీకేవాళ్లే లేరు" అంటూ బియ్యం డబ్బా వెనకనుంచి, గుడ్డలో చుట్టిన మెషీను బయటికి తీసింది. గీకింది. సిగ్నల్ లేదు. గడప దగ్గరికెళ్లి మళ్లీ గీకింది. కాలేదు. మూడోసారి నడి రోడ్డు మీదికి వెళ్లి, మెషీనును తల మీదికెత్తి పట్టుకుని నిలబడింది. ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ ఆమె చుట్టూ తిరిగి వెళ్లింది. అప్పుడు కిర్రుమంటూ కాగితం బయటికొచ్చింది. ఆమె దాన్ని చిరగకుండా నెమ్మదిగా తీసి రెండు చేతులతో నాకిచ్చింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కడుపు నిండా తిన్నానేమో, చేలన్నీ పసుపు తిరుగుతున్నాయని చూస్తూ చూస్తూనే నిద్రపోయాను. పిట్టలవానిపాలెం ఎప్పుడు దాటిందో తెలియదు. క్లాసు కోసం ఫోను మోగకుండా పెట్టి, మళ్లీ మార్చడం మరిచిపోయాను. బాపట్లలో దిగి చూస్తే అత్తగారి నుంచి అయిదు మిస్డ్ కాల్స్.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు ముందు గుర్తొచ్చింది పండుగప్పే. ఆవిడకెలా తెలుస్తుంది, తెనాలిలో కూర్చున్న మనిషికి? నాకు నేనే సర్దిచెప్పుకుని, ముందు గది తీసుకుని తీరిగ్గా మాట్లాడదామని లాడ్జికి వెళ్లాను. మేనేజరు పెద్దాయన. కార్డు తీసుకుని గీకి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ గీకి, "బ్లాకయిందని చూపిస్తోందండి మేడంగారూ" అన్నాడు. నా దగ్గర నగదు లేదన్నాను. "ముందు బ్యాంకుకు ఫోన్ చేసుకోండమ్మా. గది ఎక్కడికీ పోదు" అని సంచీ తీసుకుని తన బల్ల కింద పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటకే నాకు సగం ధైర్యం వచ్చింది.

బయట మెట్ల మీద కూర్చుని కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. వాళ్లు వివరాలన్నీ అడిగి, ఇలాంటి అనుమానపు కేసులు చూసే ఒక అమ్మాయికి కలిపారు. చక్కటి తెలుగు.

"మధ్యాహ్నం రేపల్లెలో ఒకే మెషీన్ మీద వరసగా మూడుసార్లు కార్డు వాడారు మేడం. మీరు తెనాలి దాటి ఎప్పుడూ వాడలేదు. అందుకని అనుమానం వచ్చి మీ నంబరుకు నేనే ఫోన్ చేశాను. మీ అత్తగారు తీశారు. మీరు ఎప్పుడొస్తారని అడిగాను. సంగతేంటో చెప్పమన్నారు ఆవిడ. చేపల హోటల్ అని నా నోటి నుంచి వచ్చిందో లేదో, ఇక నన్ను మాట్లాడనివ్వలేదండి."

"ఏమన్నారమ్మా?"

ఆ అమ్మాయి నవ్వాపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "అంతా రాసుకున్నాను మేడం. చదవనా?" అని చదివింది.

"మా కోడలు కార్తీకంలో నీచు ముట్టదు. నాకు మాటిచ్చింది. మాటిస్తే తప్పే మనిషి కాదు. ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నాను, నా కోడలి లాంటి పిల్ల మా వైపు ఎవరింట్లోనూ లేదు. ఎవడో దొంగ వెధవ దాని కార్డు కొట్టేశాడు. ముందు ఆ కార్డు ఆపు తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం."

 ముప్పై ఏళ్లు. ఎన్ని పండగలు, ఎన్ని పిండివంటలు, ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో ఎన్ని పగళ్లు. ఎప్పుడైనా ఒక్క మాట అంటారేమోనని చూసి చూసి మానేసిన మనిషిని నేను. ఆ మాటలన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయన్నమాట. ముక్కూ మొహం తెలియని పిల్లకు చెప్పారు. అదీ నేను మాట తప్పిన గంటకు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను, ఏడవడానికీ లేదు, నవ్వడానికీ లేదు.

"మీకు నష్టం లేదు మేడం" అంది ఆ అమ్మాయి, నా మౌనాన్ని వేరేగా అర్థం చేసుకుని. "ఆ డబ్బు మీరు కట్టక్కర్లేదు. ఆ హోటల్‌కి వెళ్లకుండా ఆపాం. విచారణ అయ్యేదాకా వాళ్ల మెషీన్ కూడా పనిచెయ్యదు."

ఉలిక్కిపడ్డాను. "ఆమె తప్పేం లేదమ్మా. తిన్నది నేనే."

 ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "దొంగతనమని కంప్లయింటు బ్యాంకులో ఇచ్చిన మీ నంబరు నుంచి వచ్చింది మేడం. వెనక్కి తీసుకోవడమూ ఆ నంబరు మీదే జరగాలి. నేను పావుగంటలో మళ్లీ ఆ నంబరుకు చేస్తాను. మీ అత్తగారు ఫోన్ తీసి, దొంగతనం కాదని చెప్పాలి. చెప్పకపోతే కేసు అలాగే ముందుకెళుతుంది."

అంటే నేను మాట తప్పానని మా అత్తగారు తన నోటితో చెప్పాలి. అంతకు ముందు నేను నా నోటితో ఆవిడకు చెప్పాలి.

అప్పుడు నా మనసులో ఏముందో దాచుకోకుండా చెబుతాను. ఊరుకుంటే పోతుంది కదా అనిపించింది. కార్డు పోతే ఇంకో కార్డు వస్తుంది. పులుసు ఉచితం. అత్తగారి దగ్గర నా పేరు నిలబడుతుంది, అదీ ఇవాళే ఉందని తెలిసిన పేరు. చేతికందిన ఆ మాటను అదే సాయంత్రం నా అంతట నేను పోగొట్టుకోవాలా? కానీ బియ్యం డబ్బా వెనక గుడ్డలో చుట్టి దాచుకున్న ఆ మెషీను కళ్ల ముందు మెదిలింది. కార్తీకంలో బేరాల్లేక కూర్చున్న మనిషి. నాకు అడక్కుండా మూడో ముక్క వేసిన మనిషి. రేపు బ్యాంకు వాళ్లు వచ్చి, నీ కొట్లో దొంగ కార్డు గీకావు అంటే ఆమె ఏం చెప్పుకుంటుంది?

అత్తగారికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే తీశారు.

"ఎక్కడున్నావే? ఎన్నిసార్లు చెయ్యను నీకు! నీ కార్డు ఎవడో కొట్టేశాడు. రేపల్లెలో చేపలు తిన్నాడంట వెధవ, కార్తీక సోమవారం పూట! నేను వెంటనే ఆపించేశాను. కంగారుపడకు."

ఆ గొంతులో గెలిచిన సంతోషం. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తాగని గొంతు.

"అత్తయ్యా... ఆ వెధవను నేనే."

"ఏంటి?"

"తిన్నది నేనే అత్తయ్యా. కార్డు ఎవరూ కొట్టెయ్యలేదు. వాసనకు ఆగలేకపోయాను. తప్పయిపోయింది. మీకిచ్చిన మాట తప్పాను."

 అవతల మా వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టిన చప్పుడు వినిపించింది.

"ఏం చేప?" అన్నారు చివరికి.

"పండుగప్ప."

 మెస్ ఆమె సంగతి గబగబా చెప్పాను. బ్యాంకువాళ్లు ఆమె మెషీను ఆపేశారనీ, బ్యాంకు అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తుందనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పమనీ బతిమాలాను. "ఏం చెప్పాలో నాకు నువ్వు నేర్పక్కర్లేదు" అని ఫోను పెట్టేశారు.

మెట్ల మీదే కూర్చున్నాను. పొద్దు గూకుతోంది. ఎదురింటావిడ తులసి కోట దగ్గర దీపం పెట్టి వెళ్లింది. లాడ్జి మేనేజరు టీ తెప్పించి ఇచ్చి, "ఏమన్నారమ్మా బ్యాంకు వాళ్లు?" అన్నాడు. ఇంకా తేలలేదండి అన్నాను. "తేలుతుందిలెండి. తాళం తీసుకోండి" అని గది తాళం నా పక్కన పెట్టి వెళ్లాడు. నా పేరు తప్ప ఆయనకు నా గురించి ఏమీ తెలియదు. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

ఇరవై నిమిషాలకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అయిపోయింది మేడం. కంప్లయింటు తీసేశాం. హోటల్‌కి డబ్బు వెళుతుంది, మెషీన్ కూడా పనిచేస్తుంది. మీ కార్డు కాసేపట్లో తెరుస్తాం."

"మా అత్తగారు ఏమన్నారమ్మా?" అని అడిగాను.

"ఇది కూడా రాసుకున్నాను" అంది. ఈసారి గొంతులో నవ్వు లేదు. "తిన్నది మా కోడలేనమ్మా. నేనే తినమన్నాను. ఊళ్లు తిరిగే పిల్ల, ఎక్కడ ఏది దొరికితే అది తిను, నియమాలు పెట్టుకోకని పొద్దున నేనే చెప్పి పంపాను. మధ్యాహ్నం నువ్వు అడిగినప్పుడు ఆ సంగతి మర్చిపోయాను. పెద్దదాన్ని కదా, బుర్ర పనిచెయ్యట్లేదు. తప్పంతా నాది. ఆ హోటలావిడను ఎవరూ ఏమీ అనొద్దు."

మా అత్తగారు దేన్నీ మర్చిపోరు. నా పెళ్లిలో ఎవరు ఎన్ని అరిసెలు తిన్నారో ఇప్పటికీ చెబుతారు. నీకు మతిమరుపొచ్చింది అని ఎవరైనా సరదాకి అన్నా, వాళ్లతో నాలుగు రోజులు మాట్లాడరు. అలాంటి మనిషి, కార్తీక సోమవారం, ఉపవాసంలో ఉండి, ఇంకా నక్షత్రాలైనా చూడకుండా, తన బుర్ర పనిచెయ్యట్లేదని ఒక పరాయి పిల్లకు అబద్ధం చెప్పారు. ఇప్పుడు నిజంగానే ఏడ్చాను. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాను.

మర్నాడు బాపట్లలో క్లాసు ముగించుకుని సాయంత్రం రైలుకు ఇంటికొచ్చాను. అత్తగారు వసారాలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. తల ఎత్తలేదు. సంచీ కింద పెట్టి ఎదురుగా నిలబడ్డాను.

"క్షమించండి అత్తయ్యా."

"ఊఁ."

"తిట్టండి, పడతాను. కానీ ఆ అబద్ధం ఎందుకు చెప్పారు? అదీ నిన్నటి పూట. మీ వ్రతం నా మూలంగా చెడిపోయింది."

ఆవిడ చేతిలో వత్తి మెలితిప్పడం పూర్తి చేసి పళ్లెంలో పెట్టారు. ఇంకో దూది పింజ తీసుకున్నారు.

"మధ్యాహ్నం ఆ పిల్లతో నీ గురించి అంత గొప్పగా చెప్పాను. సాయంత్రం మళ్లీ అదే పిల్లతో, కాదమ్మా, మా కోడలు మాట తప్పింది అని చెప్పమంటావా?" అన్నారు. "నువ్వు తప్పు చేశావు. అది నీకూ నాకూ మధ్య సంగతి, ఇంట్లో తిడతాను. బయటివాళ్ల దగ్గర నిన్నెందుకు తక్కువ చేస్తాను? నా వ్రతం చెడితే పైఏడు మళ్లీ పడతాను. నీ పేరు చెడితే నేనెక్కడినుంచి తేను?"

 పెరట్లోకి వెళ్లి చేతులూ కాళ్లూ కడుక్కుని వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని దూది అందుకున్నాను.